పచ్చ గుర్తును నమ్ముకున్న జంటలు

ఎడారి ట్రైళ్ళ మీద మౌంటెన్ బైక్ తొక్కాలనుకునే జంటలకు ఎవరిని అడిగినా ఒకటే సలహా దొరుకుతుంది. ఇద్దరిలో తక్కువ వచ్చినవాళ్ళ స్థాయికి తగ్గ ట్రైల్ చూసుకోండి, బాగా వచ్చినవాళ్ళు ఆ ఒక్క పూటకు సర్దుకుపొండి, మొదలుపెట్టిన చోటి నుంచి చివరిదాకా కలిసే తొక్కండి. బైకులు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర ఇదే మాట, యాత్రా పుస్తకాల్లో ఇదే మాట, అనుభవం ఉన్న మిత్రులదీ ఇదే మాట. ఇందులో దయ ఉంది, ఇంగితం ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. అందుకే దీన్ని కాదన్నవాడు మోటుమనిషిలా కనిపిస్తాడు. అయినా కాదనక తప్పదు. యూటా, ఆరిజోనా, పశ్చిమ కొలరాడోల రాతినేలల్లో ఈ సూత్రం తాను కాపాడతానన్న మనిషినే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ట్రైల్ ఎంత తేలికో చూసుకోవడం రెండో సంగతి. విడిపోయి తిరిగి కలుసుకోవడానికి ఆ చోటు ఎన్నిసార్లు వీలిస్తుందో జంటలు ముందు చూసుకోవాలి. గుర్తు రంగు కంటే నేల మీద ట్రైళ్ళు అల్లుకున్న తీరు ముఖ్యం.

ఆ రంగు ఏం చెబుతుందో ముందు చూద్దాం. అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే గుర్తులు 1988లో పుట్టిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్, అంటే ఇంబా, మంచు మీద స్కీయింగ్ చేసే కొండల నుంచి తెచ్చుకున్నవి. పచ్చ వలయం తేలిక, నీలి చదరం ఓ మోస్తరు, నల్ల వజ్రం కష్టం. వీటి వెనక లెక్కలున్నాయి. పచ్చ వలయం ఉన్న బాట కనీసం 36 అంగుళాల వెడల్పుండాలి, సగటు వాలు 5 శాతం దాటకూడదు, తప్పించుకోలేని అడ్డంకి ఎత్తు 2 అంగుళాలు మించకూడదు. నీలి చదరానికి వెడల్పు 24 అంగుళాలు చాలు, వాలు 10 శాతం దాకా పోవచ్చు, అడ్డంకి 8 అంగుళాల దాకా ఉండవచ్చు. కొలతలు బాగానే ఉన్నాయి. అయితే గ్రేడు ఇవ్వవలసింది బాట మీది క్లిష్టతకే గాని తొక్కడానికి పట్టే శ్రమకు కాదని, రెండిటినీ ఒకే గుర్తులో ఇరికించడం కుదరదని ఇంబా తానే చెప్పుకుంది. అంటే ట్రైల్ ఎంత పొడవో, దారిలో నీడ ఉందో లేదో, మధ్యలో బయటపడే తోవ ఉందో లేదో, పక్కన లోయ ఎంత లోతో ఆ వలయం చెప్పదు. ఆ పని దాని మీద ఎవరూ పెట్టనూ లేదు. గుర్తు పెట్టినవాళ్ళు ఇంత నిజాయితీగా ఒప్పుకున్న హద్దును సలహాలిచ్చేవాళ్ళు మర్చిపోయారు. పైగా ఈ గుర్తులు దేశం దాటితే మారతాయి. దుబాయి ఏలుబడిలోని హత్తా కొండల్లో పచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని నాలుగు మెట్లు. అమెరికా గుర్తుల్లో ఎరుపు మెట్టే లేదు. ఒకచోట నీలం తొక్కాం కాబట్టి ఇంకోచోట నీలం తొక్కేస్తామనుకోవడం ఆ మేరకు గుడ్డినమ్మకం. యూటాలోని మోయాబ్‌లో నీలి గుర్తున్న రాతిమెట్లు, మట్టి ట్రైళ్ళ మీద సైకిల్ నేర్చుకున్నవాళ్ళకు ఎన్నోసార్లు నల్ల వజ్రాలుగా తోస్తాయి.

ఎడారిలో మనిషిని కుంగదీసేవన్నీ ఆ గుర్తుకు అందనివే. మోయాబ్‌లో జూలై నెల పగటి ఉష్ణోగ్రత సగటున 37 డిగ్రీల చుట్టూ ఉంటుంది. విజయవాడ ఎండలు చూసినవాళ్ళకు ఆ అంకె పెద్దగా అనిపించకపోవచ్చు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. కోస్తా ఉక్కపోతలో చెమట కారుతూనే ఉంటుంది, కాబట్టి ఒంట్లోంచి నీరు పోతోందని తెలుస్తూనే ఉంటుంది. యూటాలోని పొడిగాలిలో చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది, దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, నీళ్ళు తాగాలని ఆ ప్రాంతపు జాతీయ పార్కులు చెబుతాయి. కొత్తవాళ్ళు అద్దె సైకిల్‌తో పాటు తీసుకెళ్ళేది చాలాసార్లు ఒకటో రెండో సీసాలు. దీనికి ఇసుక తోడవుతుంది. ‘తేలిక’ అని రాసి ఉన్న ఎడారి ట్రైళ్ళలో చాలా వాటిని పాత జీపు దారులనుంచే తీశారు. రాతిమెట్లు ఉండవు, నిజమే. వాగులు దాటే చోట్ల మాత్రం ఇసుక మేట వేసి ఉంటుంది. వాన కురిసిన మర్నాడు గట్టిగా ఉన్న ఇసుకే పదిరోజుల ఎండకు చక్రాన్ని మింగేస్తుంది. అందులోంచి బైకును నిలబెట్టి తీసుకుపోవడం చేయి తిరిగినవాడికి ఓ ఆట. కొత్తవాళ్ళకు దిగి తోసుకుంటూ నడవడమే గతి. కాన్యన్‌లాండ్స్ జాతీయ పార్కులోని వైట్ రిమ్ రోడ్డు ఈ వాదనకు గట్టి సాక్ష్యం. దాదాపు 100 మైళ్ళ పొడవున పడి ఉన్న జీపు దారి అది. అడుగడుగునా విన్యాసాలు కోరే ట్రైల్ కాదు, వెడల్పుకు లోటు లేదు, నిటారు ఎక్కుళ్ళు కొన్నే. గుర్తుల లెక్కన చూస్తే కొత్తవాళ్ళకూ పనికొస్తుందనే తోస్తుంది. దాని మీద తాగేందుకు నీళ్ళు ఒక్కచోట కూడా దొరకవు, మధ్యలో వెనుదిరగడమంటే వచ్చినంత దూరమూ మళ్ళీ తొక్కడమే.

నైపుణ్యం అనేది ఒకే కొలతకు లొంగేదైతే తక్కువ ఎవరిది, ఎక్కువ ఎవరిది అనే ప్రశ్నకు అర్థం ఉండేది. ఒకరికి ఊపిరి బాగుంటుంది. రోజూ పరుగెత్తే మనిషి, గంటసేపు ఎక్కమన్నా ఎక్కుతుంది, కాని రాతి అంచు మీంచి చక్రం దింపమంటే చేతులు బిగుసుకుపోతాయి. ఇంకొకరు పదేళ్ళుగా బైకు తొక్కుతున్నా కూర్చుని చేసే ఉద్యోగం వల్ల రెండు మైళ్ళ ఎక్కుడుకే ఆయాసపడతాడు, దిగుడులో మాత్రం నీళ్ళలా జారిపోతాడు. మూడో రకం వాళ్ళకు ఊపిరీ ఉంది, చేతి నేర్పూ ఉంది, లోయ పక్కన మాత్రం కాళ్ళు వణుకుతాయి. ఈ మూడో సంగతిని చిన్నచూపు చూడకూడదు. మోయాబ్‌కు ఆనుకుని కొలరాడో నదికి పైన కొండ అంచునే సాగే పోర్టల్ ట్రైల్‌లో సైకిళ్ళ మీంచి పడి మనుషులు పోయారు. అక్కడ దిగి నడవమని బోర్డులు పెట్టారు. ఆ అంచున బాట వెడల్పు ఎంత, అడ్డంకి ఎన్ని అంగుళాలు అన్నవాటికి విలువ తక్కువ. పక్కన ఏమీ లేదన్న ఎరుక ఎవరిని ఎంత కదిలిస్తుందన్నదే ముఖ్యం. ఇన్ని రకాల బలాలు, బలహీనతలు ఒక జంటలో అడ్డదిడ్డంగా పంచుకుని ఉంటే ‘తక్కువ వచ్చినవాళ్ళ స్థాయి’ అనే ఒక్క గీత ఎక్కడ గీస్తారు? ఎక్కుళ్ళలో ఆమె ముందుంటుంది, దిగుళ్ళలో అతను ముందుంటాడు. పచ్చ వలయం ఎంచుకున్నామని ఇద్దరూ తృప్తిపడతారు, ఇద్దరికీ సరిపడనిది ఏదో ఒకటి దారిలో ఎదురవుతూనే ఉంటుంది.

పోనీ, తేడా ఒక్కటేనని, అది వేగంలో మాత్రమేనని ఒప్పుకుందాం. 12 కిలోమీటర్ల ట్రైల్. ఒకరు గంటకు 12 కిలోమీటర్లు తొక్కుతారు, మరొకరు 8. మొదటివారికి గంట పడుతుంది, రెండోవారికి గంటన్నర. కలిసే తొక్కాలన్న నియమం ఉంది కాబట్టి ముందున్నవారు ఒక్కో మలుపు దగ్గరా ఆగి చూస్తుంటారు. ఆగినప్పుడల్లా నీళ్ళు తాగుతారు, ఏదో ఓ బండ నీడన నిలబడతారు, శ్వాస కుదుటపడుతుంది. వెనకాలవారు చేరుకోగానే ‘హమ్మయ్య, పదా’ అని బయలుదేరతారు. ఆ పూటంతా అయ్యేసరికి బలమున్నవారికి అరగంట విశ్రాంతి దొరికి ఉంటుంది, అవసరమున్నవారికి ఏమీ దొరకదు. తాము ఆగితే ముందున్నవారికి మరింత ఆలస్యమవుతుందన్న మొహమాటంతో ఆగరు, నీళ్ళసంచి గొట్టం నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు తాగే తీరిక కూడా చేసుకోరు. మైదానంలో, చెట్ల నీడన ఇది చికాకుతో పోతుంది. నీడలేని రాతి మీద ఇది నీటిలెక్క తారుమారు చేసే వ్యవహారం. ఒకే ట్రైల్ మీద ఇద్దరినీ కట్టేసి సమానత్వం సాధించామనుకునేవారు, ఎత్తు కలవని రెండెద్దుల్ని ఒక కాడికి పూన్చిన రైతును గుర్తు చేస్తారు. కాడి వాలుతుంది, పొట్టి ఎద్దు మెడ ముందు పుండవుతుంది.

ఒంటి సంగతి అలా ఉంచితే మనసు సంగతి ఇంకొకటి. ఈ సూత్రం ప్రకారం ఆ పూట హద్దు ఒక మనిషి. ఏ ట్రైల్ వదులుకోవలసి వచ్చిందో, ఎంత ముందుగా వెనుదిరగవలసి వచ్చిందో అన్నిటికీ కారణం ఆ మనిషే. ఎదుటివారు నోరు తెరిచి ఒక్క మాట అనకపోయినా, అసలు అనకపోవడమే బరువవుతుంది. ‘నా వల్ల నీకు ఆలస్యం’ అన్న మాట మూడుసార్లు వచ్చిందంటే ఆ సెలవురోజు చేదెక్కినట్టే. సలహాల్లో పేరు చెప్పకుండా దాగిన ఊహ కూడా ఒకటుంది. బాగా వచ్చినవాడు భర్త, రానిది భార్య. ‘ఆమెను మొదటిసారి తీసుకెళ్ళేటప్పుడు’ అన్న ధోరణిలోనే చాలా మంది మాట్లాడతారు, ఆమెకు ఏం కావాలో అతన్నే అడుగుతారు. జంటలో బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా కావచ్చన్న సంగతి పక్కన పెట్టినా, ఎంచుకునే హక్కు ఒకరి చేతిలో పెట్టి రెండోవారిని తీసుకెళ్ళవలసిన సామాను చేయడం తొక్కడం నేర్పే పద్ధతి కాదు. తనకు కావలసినప్పుడు ఆగి, తనకు కావలసినప్పుడు తిరగగలిగినవాళ్ళే మర్నాడు మళ్ళీ సైకిల్ ఎక్కుతారు.

దీనికి పూర్తి విరుద్ధమైన మతం కూడా ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. కష్టమైనదానికే తీసుకెళ్ళండి, నాలుగు దెబ్బలు తగిలితే అదే వస్తుందని చెప్పేవాళ్ళది. వీళ్ళకు మోయాబ్ స్లిక్‌రాక్ ట్రైల్ పుణ్యక్షేత్రం. 1969లో మోటారుసైకిళ్ళ కోసం గుర్తులు పెట్టిన ఆ బాట నవాహో ఇసుకరాయి గుట్టల మీద దాదాపు 10 మైళ్ళు చుట్టి వస్తుంది. రాతి మీద తెల్లగీతలే దారి. టైరు బాగానే పట్టుకుంటుంది, కాని ఎక్కుళ్ళు గోడల్లా నిలబడతాయి. అక్కడే 2 మైళ్ళకు పైన ఉండే చిన్న చుట్టు ఒకటుంది, దాని పేరు ప్రాక్టీస్ లూప్. పేరు చూసి జంటలు అటు మళ్ళుతాయి. నిజానికి అది పెద్ద చుట్టుకంటే పొట్టిదేగాని తేలికదేమీ కాదు, అవే నిటారు గుట్టలు అక్కడా ఉన్నాయి. నా దృష్టిలో ఈ మతమూ, పచ్చ వలయపు మతమూ ఒకే తప్పు చేస్తున్నాయి. ఇద్దరికీ ఒకే ట్రైల్ ఉండాలని రెండూ ముందే తేల్చేశాయి. తరవాత మిగిలిన తగవు అది ఎవరి ట్రైల్ అన్నదే.

ఆ పట్టుదల వదిలేస్తే ఎడారిలోనే ఎంతో చోటు కనిపిస్తుంది. డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో 2009లో తెరిచిన ఇంట్రెపిడ్ ట్రైళ్ళను చూడండి. మొదట వేసిన మూడు చుట్లు ఒకటి దాదాపు 1 మైలు, రెండోది 4 మైళ్ళకు పైన, మూడోది 9 మైళ్ళు. మూడూ ఒకే చోట మొదలై ఒకదాన్ని ఒకటి కలుపుకుంటూ పెద్దవవుతాయి. చిన్న చుట్టు దగ్గర ఒంట్లో శక్తి ఉందనిపిస్తే రెండోదానిలోకి పోవచ్చు, లేదంటే బండి దగ్గరికి వచ్చేయవచ్చు. నిర్ణయం ఇంటి దగ్గర కాకుండా కూడలి దగ్గర, ఆ రోజు ఎండనూ ఒంటినీ చూసుకుని జరుగుతుంది. మోయాబ్‌కు ఉత్తరాన 191వ నంబరు రోడ్డు పక్కనున్న బ్రాండ్స్ ట్రైళ్ళది ఇంకో పద్ధతి. బార్ ఎమ్ అనే వెడల్పాటి తేలిక చుట్టు ఉంది. సర్కిల్ ఓ, రాకిన్ ఏ అనే రాతి ట్రైళ్ళు దాని నుంచే విడిపోయి, గుట్టల మీద తిరిగి, మళ్ళీ దాని మీదికే వస్తాయి. ఒకరు బార్ ఎమ్ మీద నెమ్మదిగా పోతుంటే మరొకరు రాయి మీద చెమటోడ్చి ముందు కూడలిలో కలుసుకోవచ్చు. కొలరాడోలో ఫ్రూటా ఊరికి ఉత్తరాన 18 రోడ్ దగ్గర నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఉంది. ప్రైమ్ కట్ అనే ఒక్క ఎక్కుడు, దిగడానికి మాత్రం ఎన్నో దారులు. కెసెల్ రన్ ఒక పిల్లకాలువలా మెలికలు తిరుగుతూ జారిపోతుంది, పీబీఆర్ గెంతులు ఇష్టపడేవాళ్ళకు, జిప్పిటీ డూ డా రెండుపక్కలా జారుడుగా ఉండే మట్టి వెన్నుల మీంచి పోతుంది. ఎక్కేటప్పుడు మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు, పైన విడిపోవచ్చు, కింద బండి దగ్గర మళ్ళీ కలవవచ్చు. నచ్చితే ఇంకోసారి ఎక్కడం, లేకపోతే లేదు. ఫీనిక్స్ పక్కన మెక్‌డోవెల్ మౌంటెన్ రీజినల్ పార్కులో పోటీల కోసం వేసిన ట్రాక్ కూడా ఇదే ఆలోచన. లాంగ్, స్పోర్ట్, టెక్నికల్ అని మూడు చుట్లు, ఒకే చోట మొదలు. వీటిలో ఏ చోటా ‘ఇద్దరిలో ఎవరి కోసం వచ్చాం’ అన్న ప్రశ్న పుట్టదు.

అటువంటి అల్లిక లేని చోట్ల కూడా దారి ఉంది. వెళ్ళిన తోవనే తిరిగి వచ్చే ట్రైల్ ఎంచుకుని, దూరం కాకుండా గడియారం చూసుకుని తిరగడం. ఫీనిక్స్ నగరంలోని సౌత్ మౌంటెన్ పార్కు దక్షిణపు అంచున సాగే డెజర్ట్ క్లాసిక్ ఇందుకు అనువైనది. దాదాపు 9 మైళ్ళు, పెద్ద ఎక్కుళ్ళు లేవు, చిన్న చిన్న వాగుగుంటలు దాటుకుంటూ పోతుంది. ఏడు గంటలకు ఇద్దరూ బయలుదేరతారు. ఎనిమిది కాగానే ఎవరు ఎక్కడున్నా బైకు తిప్పేస్తారు. ఒకరు 12 కిలోమీటర్లు పోయి తిరుగుతారు, మరొకరు 8 పోయి తిరుగుతారు, తొమ్మిదికి అటూఇటుగా ఇద్దరూ బయలుదేరిన చోట ఉంటారు. కాయకష్టం సమానం, చూసినంత ఎండా సమానం, ఎవరూ ఎవరికోసమూ కాచుకోలేదు. వేగంగా పోయేవారు తిరుగు తోవలో నెమ్మదివారి వెనకాలే వస్తారు కాబట్టి, వాళ్ళు పంక్చరై ఆగినా, పడినా, దాటిపోకుండా చూడగలుగుతారు. వాలు ఒకవైపే ఉన్న ట్రైళ్ళలో ఈ లెక్క కాస్త తప్పుతుంది. ఎక్కుతూ వెళ్ళే చోటైతే తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది, అందులో నష్టమేమీ లేదు. దిగుతూ వెళ్ళే చోట మాత్రం ముందే తిరగాలి, లేకపోతే ఎక్కుడంతా ఎండ ముదిరాక వస్తుంది.

ఎవరైనా ఆక్షేపించదగ్గది ఇక్కడే. ఎడారిలో విడిపోవడం ప్రమాదం కదా? ఫోన్ పనిచేయని చోట, చుట్టూ మనుషులు లేని చోట భార్యాభర్తలు వేరువేరుగా పోవాలని చెప్పడం బాధ్యతారాహిత్యం కాదా? ఇది తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. విడిపోవడానికి వీలులేని చోట్లు ఉన్నాయి, అక్కడ విడిపోకూడదు. మోయాబ్ పైన కొండల నుంచి నది దాకా దిగే హోల్ ఎన్చిలాడా ట్రైల్‌లో దిగుడు 7,000 అడుగులు దాటుతుంది, దాని చివరిభాగం పోర్క్యుపైన్ రిమ్. కింది సగంలో నది పక్కనున్న 128వ నంబరు రోడ్డు చేరేదాకా బయటపడే తోవ లేదు. అక్కడ తేడా ఉన్న జంట వెళ్ళడమే పొరపాటు, కలిసి వెళ్ళినా పొరపాటే. నేను చెప్పేది అటువంటి ట్రైళ్ళను జంటల జాబితాలోంచి తీసేయమని. కూడళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న, వచ్చేపోయే జనం ఉన్న, ఏ చివర నుంచైనా అరగంటలో బండి దగ్గరకు చేరగల చోటులో కలిసే కూడలి ఏదో, ఎన్నింటికో ముందే చెప్పుకుని విడిపోవడం ప్రమాదం కాదు. అసలు ప్రమాదం కలిసి తిరిగే జంటల సంచుల్లో చూడవచ్చు. మ్యాపు ఒకరి ఫోన్‌లో, పంపూ ట్యూబూ ఒకరి వీపున, ఎక్కువ నీళ్ళూ ఆ వీపునే, కారు తాళాలూ ఆ జేబులోనే. ఆ ఒక్క మనిషే రాయి మీద పడి భుజం విరగ్గొట్టుకుంటే? రెండోవారికి దారి తెలియదు, టైరు విప్పడం రాదు, బండి తలుపు తీయలేరు. విడిపోతామని తెలిసిన జంట ఈ పొరపాటు చేయదు. ఇద్దరి దగ్గరా నీళ్ళుండాలి, ఇద్దరి ఫోన్లలో నెట్ లేకపోయినా తెరుచుకునే మ్యాపు ఉండాలి, సోనోరన్ ఎడారిలో చోల్లా కాక్టస్ ముళ్ళు టైరులో దిగితే లాగి అతుకు వేయడం ఇద్దరికీ రావాలి, తాళం బండి దగ్గర ఇద్దరికీ తెలిసిన చోట దాచాలి. ‘కలిసే ఉంటాం’ అన్న ధీమా ఇంత సరంజామా సమకూర్చుకోనివ్వదు.

ఇంకో ఆక్షేపణ సుతిమెత్తనిది. సరదాగా గడపడానికి వెళ్ళిన ఇద్దరు విడివిడిగా తిరిగితే ఆ సరదా ఏముంది? ఈ మాట అనేవాళ్ళు సింగిల్‌ట్రాక్ తొక్కినప్పుడు ఏం జరుగుతుందో గమనించలేదనిపిస్తుంది. ఒక సైకిల్ మాత్రమే పట్టే బాట అది. ముందొకరు, వెనకొకరు, ఇద్దరి చూపూ తమ చక్రానికి పది అడుగుల ముందున్న రాయి మీదే. వెనకవారికి కనిపించేది ముందువారి సంచి, వాళ్ళు లేపిన దుమ్ము. కబుర్లు ఎక్కుళ్ళలో, కూడళ్ళలో, లోయ అంచున ఆగినప్పుడు జరుగుతాయి. ఆగే చోట్లు ఎక్కువున్న ట్రైల్ కలిసి ఉండే సమయాన్ని పెంచుతుందేగాని తగ్గించదు. విడిగా తిరిగి వచ్చిన ఇద్దరి దగ్గరా చెప్పుకోవడానికి వేరువేరు సంగతులుంటాయన్నది కొసరు.

ఇ-బైకు ఉందిగా, తేడా అది తుడిచేస్తుందిగా అని ఈమధ్య తరచు వినబడుతోంది. సగం నిజం. ఎక్కుడులో ఊపిరి తేడాను మోటారు సర్దగలదు. దిగుడులో, రాతి అంచు దగ్గర, లోయ పక్కన మోటారు చేసే సాయం ఏమీ లేదు. బరువు ఎక్కువైన బైకును కొత్తవాళ్ళు అదుపు చేయడం ఇంకాస్త కష్టం కూడా. కాలి బలంతో చేరలేని చోటికి మోటారు చేర్చాక, అక్కడి నుంచి కిందికి దింపవలసింది మళ్ళీ అవే చేతులు. పైగా ఫెడరల్ భూముల యాజమాన్యం చూసే బీఎల్ఎం 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం సైకిల్ ట్రైళ్ళ మీదికి ఇ-బైకులను రానివ్వాలా వద్దా అన్నది స్థానిక అధికారులు తేల్చాలి. అద్దెకు తీసుకునేముందు ఆ ట్రైల్ సంగతి అడిగి తెలుసుకోక తప్పదు. నెమ్మదివారిని ముందు పెట్టండన్న ఇంకో సలహాతో నాకు పేచీ లేదు. కలిసి తొక్కే కాసేపు అది మంచి పద్ధతే, ఆగడం, కదలడం అప్పుడు వాళ్ళ చేతిలో ఉంటాయి. అయితే అది తొక్కే వరస గురించిన మాట. ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

దిగి నడవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ‘స్థాయికి తగ్గ’ ట్రైల్ కావాలన్న పట్టుదల వెనక నడవడం నామోషీ అన్న భావన దాగి ఉంది. ఫ్రూటా దగ్గర హార్స్‌థీఫ్ బెంచ్ అనే చుట్టు ఉంది. దానిలోకి దిగే చోట రాతిమెట్లు భయంకరంగా ఉంటాయి, చాలామంది సైకిల్ భుజానేసుకుని దిగుతారు. కింద చుట్టు అంతా అంతకంటే ఎంతో సౌమ్యం. ఆ నాలుగు మెట్లు చూసి మొత్తం ట్రైల్‌ను వదులుకోవడం అవివేకం. నడవాల్సిన భాగం పొట్టిదై, అది మొదట్లోనో చివర్లోనో ఉంటే గుర్తు ఏ రంగులో ఉన్నా భయపడనక్కర్లేదు. నడక మైళ్ళ తరబడి చెదురుమదురుగా ఉంటేనే ఆలోచించాలి. ఎడారిలో దీనికి ఇంకో కారణం ఉంది. అడ్డంకి ఎదురైతే పక్కకు తప్పుకుని పోవడం అక్కడ కుదరదు. బాట పక్కన నల్లగా, గరుకుగా కనిపించే మట్టిపెచ్చు సజీవం. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను కట్టిపడేసిన పొర అది. చక్రంగాని బూటుగాని పడి విరిగితే కోలుకోవడానికి ఏళ్ళు, చోట్లను బట్టి దశాబ్దాలు పడుతుంది. రాయి మీంచి తొక్కలేనివారు దిగి, ఆ రాయి మీంచే నడవాలి. కాబట్టి కొత్తవారితో వెళ్ళేముందు ‘వీళ్ళు తొక్కగలరా’ అని అడిగినంత మాత్రాన సరిపోదు, తొక్కలేని చోట బాట విడవకుండా నడవగలరా అనీ చూడాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగు జంటలకు ఈ ప్రాంతాలు ఎక్కువగా తగిలేది లాంగ్ వీకెండ్లలో. అందుకని ఈ లెక్క వాళ్ళకు మరీ అవసరం. మే చివర మెమోరియల్ డే నాటికి యూటాలో ఎండ ముదురుతుంది, పది దాటాక ట్రైల్ మీద ఉండాలనిపించదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ నాటికి చల్లదనం హాయిగా ఉంటుంది గాని మోయాబ్‌లో సాయంత్రం ఐదుకే పొద్దుగూకుతుంది. రెండు కాలాల్లోనూ చేతిలో ఉన్న గంటలు తక్కువ, వేచి ఉండడానికి ఖర్చుపెట్టే గంటలు అంతకంటే ప్రియం. ఫీనిక్స్ పరిసరాల్లో ఉండేవాళ్ళకు ఎండ ఏడాదిలో సగం రోజులు మాట వినదు. 2023లో అక్కడ వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీట్‌ను తాకింది. తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కామెల్‌బ్యాక్ కొండ దారులను పట్టపగలు మూసేయడం 2021 నుంచి నగరపాలకులు మొదలుపెట్టారు. ఇక జంటలో ఒకరికి హోల్ ఎన్చిలాడా తొక్కాలన్న చిరకాలపు కోరిక ఉందనుకోండి. దానికోసం రెండోవారిని షటిల్ వ్యాన్ ఎక్కించి కొండ పైకి తీసుకుపోవడం పాత మతం, ఆ కోరికనే చంపుకుని ఇద్దరూ పచ్చ వలయం చుట్టడం ఇప్పటి మతం. షటిల్ సీటు ఒక్కటే కొనండి. వ్యాన్ పొద్దున్నే కొండెక్కుతుంది, కారు తాళాలు తీసుకుని రెండోవారు బ్రాండ్స్‌కు పోవచ్చు, మధ్యాహ్నం ఊళ్ళో భోజనం దగ్గర కలుసుకోవచ్చు.